బ్రోషర్‌లో కనిపించని స్త్రీలు

(స్త్రీలు - భూమి - ఇంటి హక్కు అనే అంశంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం. అచ్చు కోసం కొద్దిగా సవరించాను.)



నన్ను ఇంటి హక్కు గురించి మాట్లాడమన్నారు. ఆస్తి చట్టాల గురించి నాకంటే బాగా తెలిసిన న్యాయవాదులు ఈ సభలో ఉన్నారు కాబట్టి నేను మరో వైపు నుంచి వస్తాను. భూమి చేతులు మారేటప్పుడు చట్టం కంటే ముందు ఒక కథ వస్తుంది. ఆ ఊరు ఏమవబోతోందో, ఎవరు బాగుపడబోతున్నారో ఆ కథ చెబుతుంది. దాన్ని తయారుచేసే వృత్తి ఒకటుంది. ఆ పని చేసేవారిని ప్రజాసంబంధాల సలహాదారులు, వాడుక మాటలో పి.ఆర్. కన్సల్టెంట్లు అంటున్నాం. వాళ్ల పనికీ స్త్రీల హక్కులకూ ఉన్న సంబంధమే ఈరోజు నా విషయం.

కొంతకాలం కిందట అలాంటి ఒక కన్సల్టెన్సీ నుంచి ఒక అమ్మాయి మా సంఘం ఆఫీసుకు వచ్చింది. బాగా చదువుకున్న పిల్ల, మర్యాదగా మాట్లాడింది. వాళ్ల క్లయింటు ఒక బిల్డరు. నగరం అంచున గేటెడ్ కమ్యూనిటీ కడుతున్నాడు. మా మార్చి 8 సభకు హాలు అద్దె, భోజనాలు, కరపత్రాల అచ్చు, అంతా వాళ్లే భరిస్తారట. బదులుగా మాలో ఒకరు ఆ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో స్త్రీల భద్రత గురించి పది నిమిషాలు మాట్లాడాలి. బ్యానర్ మీద మా సంఘం పేరు ఉండాలి. "ఏం మాట్లాడాలో మేం చెప్పం మేడమ్, మీకు నచ్చిందే మాట్లాడండి" అంది.

మాలో పెద్ద చర్చే జరిగింది. అంతకుముందు ఏడాది హాలు బాకీ ఇంకా తీరలేదు. ఎక్కడ మాట్లాడినా మన మాటే కదా, వెళ్దాం అన్నవాళ్లున్నారు. అప్పుడు అలాంటి అపార్ట్‌మెంట్లలోనే ఇంటిపని చేసే మా సభ్యురాలు ఒకామె అడిగింది: "అక్కా, అక్కడ మాకు లిఫ్టు వేరేగుంటది. పోయేటప్పుడు గేటుకాడ సంచి ఇప్పి చూపియ్యాలె. గా సంగతి గూడ ఆ మీటింగుల మాట్లాడొచ్చా?" ఆ ప్రశ్ననే మేం కన్సల్టెన్సీకి పంపాం. "అది ఈ ప్రోగ్రామ్ థీమ్‌కు సరిపోదేమో మేడమ్" అని జవాబొచ్చింది.

మేం వెళ్లలేదు. అంతమాత్రాన మేమేదో గొప్ప త్యాగం చేశామని చెప్పడానికి ఇది చెప్పడం లేదు. హాలు బాకీ తీర్చడానికి మరో ఏడాది పట్టింది. ఆ జవాబు మాత్రం నాకు చాలా నేర్పింది. మన చేత ఏం మాట్లాడించాలో వాళ్లు నిజంగానే చెప్పలేదు. ఏం మాట్లాడకూడదో మాత్రం ముందే తేలిపోయి ఉంది.

ప్రకటన వేరు, ప్రచారం వేరు

వాణిజ్య ప్రకటన చూస్తే ఇది డబ్బిచ్చి వేయించుకున్నదని మనకు తెలుసు. అందుకే కొంత అనుమానంతోనే చదువుతాం. ప్రజాసంబంధాల పని అలా కాదు. అమ్మేవాడి మాట అమ్మేవాడి నోట కాకుండా పత్రిక నోట, నిపుణుడి నోట, సినిమా నటుడి నోట, ఒక్కోసారి మహిళా సంఘం నోట పలికించడమే అందులోని నేర్పు. మన అనుమానం అక్కడ పనిచేయదు.

ఈ వృత్తి చరిత్రలో రెండు ఘట్టాలు స్త్రీలుగా మనం గుర్తుంచుకోవాలి. 1914 ఏప్రిల్‌లో అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లడ్లోలో సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. గుడారాలు తగలబడితే, ఒక గుడారం కింద గోతిలో దాక్కున్న ఇద్దరు స్త్రీలు, పదకొండు మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. గని యజమాని రాక్‌ఫెల్లర్ కుటుంబం తన పరువు నిలబెట్టుకోవడానికి ఐవీ లీ అనే ప్రచార నిపుణుణ్ణి పెట్టుకుంది. అతను యాజమాన్యం వైపు కథనాన్ని వార్తల రూపంలో పత్రికలకు పంపాడు. వాటిలో తప్పుడు అంకెలున్నాయని తర్వాత బయటపడింది. ఈ వృత్తికి పితామహుల్లో ఒకడిగా ఇవాళ్టికీ అతని పేరు చెబుతారు.

రెండోది 1929 నాటిది. స్త్రీలు బహిరంగంగా సిగరెట్ తాగడం అప్రతిష్ఠగా భావించే రోజులు. ఒక పొగాకు కంపెనీ కోసం పనిచేస్తున్న ఎడ్వర్డ్ బెర్నేస్, న్యూయార్క్‌లో ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేశాడు. వాటికి స్వేచ్ఛా జ్యోతులు అని పేరు పెట్టించాడు. పత్రికలు దాన్ని స్త్రీల తిరుగుబాటుగా రాశాయి. వెనక కంపెనీ ఉందని చదివినవాళ్లకు తెలియదు. స్త్రీల ఆకాంక్షలను మార్కెట్ ఎలా అరువు తెచ్చుకుంటుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. క్లబ్‌హౌస్‌లో స్త్రీల భద్రత సభ దాని వారసురాలే.

స్థిరాస్తి వ్యాపారంలో ఈ పనికి ప్రత్యేకమైన అవసరం ఉంది. చీర కొంటే చేత్తో పట్టుకుని చూస్తాం. ఇల్లు కొనేనాటికి ఇల్లు ఉండదు. ఖాళీ నేల, ఒక బొమ్మ, ఒక మాట ఉంటాయి. కాబట్టి అమ్ముడయ్యేది నమ్మకం. పల్లె పేరు ఆ నమ్మకానికి సరిపోకపోతే పేరు మారుతుంది. హైదరాబాద్ పక్కన కోకాపేటలో ప్రభుత్వ సంస్థే వేసిన లేఔట్‌కు 'నియోపోలిస్' అని గ్రీకు పేరు వచ్చింది. 2023 ఆగస్టులో అక్కడ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. పేరు మారడం చిన్న విషయం అనుకుంటాం. పాత పేరుతో పాటు ఆ నేల మీద ఎవరు పశువులు మేపారు, ఎవరు నాట్లు వేశారు అన్నది కూడా మరుగున పడుతుంది.

వార్త ఎక్కడ తయారవుతుంది?

ప్రాపర్టీ అనుబంధాలు మీరంతా చూస్తారు. అందులో వార్తలా కనిపించే చాలా భాగం కన్సల్టెన్సీ పంపిన ప్రెస్‌నోటే. దానికి తోడు విలేకరులకు సైట్ సందర్శన, విందు, కానుకలు. మండల స్థాయిలో పనిచేసే విలేకరి పరిస్థితి మరీ ఘోరం. సరైన జీతం ఉండదు, ప్రకటనలు తెమ్మని టార్గెట్ మాత్రం ఉంటుంది. తన ప్రాంతంలో ప్రకటన ఇచ్చే పెద్ద మనిషి రియల్ ఎస్టేట్ వ్యాపారే అయినప్పుడు ఆ వ్యాపారి చెరువు పూడ్చాడని అతను ఎలా రాస్తాడు? ఇది వ్యక్తి నీతికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ఆ వ్యవస్థే అలా ఉంది.

ఇది మన ఊహ కాదు. 2009 ఎన్నికల తర్వాత చెల్లింపు వార్తల మీద గగ్గోలు పుట్టి, 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదిక ఇచ్చింది. కంపెనీల వాటాలు తీసుకుని దానికి బదులుగా ప్రకటనల స్థలం, ప్రచారం ఇచ్చే ఒప్పందాల గురించి సెబీ కూడా ఆందోళన చెందింది. కంపెనీలో తనకు వాటా ఉంటే ఆ కంపెనీ వార్త రాసేటప్పుడు పత్రిక ఆ సంగతి పాఠకులకు చెప్పి తీరాలని 2010లోనే అంది. ప్రాపర్టీ పేజీ చదివేటప్పుడు ఆ మాట ఎక్కడైనా మీకు కనిపించిందా?

ఈ పేజీల్లో స్త్రీ లేదని కాదు. నిండా ఆమే ఉంటుంది. వంటింట్లో నవ్వుతూ, బాల్కనీలో టీ కప్పుతో, కొత్త ఇంటి గడప మీద ముగ్గుతో. ఈమధ్య ల్యాప్‌టాప్ కూడా చేతికిచ్చారు. ఇల్లు ఆమె కల అంటారు. కానీ ఇల్లు ఎవరి పేర రిజిస్టరయింది, వాయిదాలు ఎవరి జీతంలోంచి పోతున్నాయి, అమ్మాలనుకున్నప్పుడు ఎవరి మాట చెల్లుతుంది, మొగుడు కొడితే ఆ ఇంట్లోంచి ఎవరు బయటికి పోవాలి అన్న ప్రశ్నలు ఆ పేజీల్లోకి రావు. స్త్రీ పేర తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గిస్తామని కొన్ని బ్యాంకులు అంటాయి. మంచిదే. అయితే వడ్డీ కోసం పెట్టిన పేరు వేరు, హక్కుతో వచ్చిన పేరు వేరు.

కథ కూలినప్పుడు నష్టం ఎవరిదో కూడా చూడాలి. హైదరాబాద్ చుట్టూ 'లేక్ వ్యూ' అని అమ్మిన ఇళ్లు లెక్కలేనన్ని. ఆ చూపు ఎంత దగ్గరిదంటే, కొన్ని ఇళ్లు చెరువులోనే ఉన్నాయి. 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల పూర్తి నీటిమట్టం పరిధిలో ఉన్నాయంటూ కట్టడాలను కూల్చడం మొదలైంది. అప్పు తెచ్చి కొన్నవాళ్లు సామాన్లతో రోడ్డు మీద నిలబడ్డారు. పుస్తెలు అమ్మి కట్టిన అడ్వాన్సులు అందులో ఉన్నాయి. బొమ్మ గీయించినవాడు, ఆ బొమ్మను వార్త చేసినవాడు, అనుమతి ఇచ్చినవాడు ఎవరూ ఆ రోడ్డు మీద లేరు.

అమరావతి: రాజ్యమే ప్రచారకర్త అయినప్పుడు

ప్రైవేటు బిల్డర్ల సంగతి ఇలా ఉంటే, రాజ్యమే భూమి వ్యాపారంలోకి దిగినప్పుడు ఏమవుతుంది? దానికి అమరావతిని మించిన పాఠం మనకు లేదు.

2013 భూసేకరణ చట్టం ఎన్నో పోరాటాల తర్వాత వచ్చింది. దాని ప్రకారం భూమి తీసుకోవాలంటే ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలి. బహిరంగ విచారణ జరగాలి. భూమి లేకపోయినా, ఆ భూమి మీద ఆధారపడి బతికే కూలీలు, కౌలుదార్లు కూడా నష్టపోయిన కుటుంబాలుగా లెక్కకు రావాలి. 2014 చివర వచ్చిన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం వేరే దారి పట్టింది. సేకరణ కాదు, సమీకరణ అన్నారు. రైతు స్వచ్ఛందంగా ఇస్తాడు, బదులుగా అభివృద్ధి చేసిన స్థలం తీసుకుంటాడు. మెట్ట భూమి ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు భూమికి 1,000, 450 గజాలు. పదేళ్లపాటు ఏటా కౌలు. కొద్ది నెలల్లోనే 29 గ్రామాలలో సుమారు 25 వేల మంది రైతుల నుంచి 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు.

ఇక్కడ 'స్వచ్ఛందం' అన్న మాట మీద ఆగాలి. సేకరణకు చట్టం పెట్టిన షరతులు ఈ ఒక్క మాటతో పక్కకు పోయాయి. మరి ఆ స్వచ్ఛందాన్ని పుట్టించాలి కదా. అక్కడే ప్రచారం బహిరంగ విచారణ స్థానంలోకి వచ్చింది. సింగపూర్ సంస్థలు గీసిన ప్రణాళికల బొమ్మలు ఊరూరా తిరిగాయి. ప్రజా రాజధాని అన్నారు. ఒక్కొక్కరూ ఇటుక కొనండి అని ఇంటర్నెట్‌లో పిలుపిచ్చారు. ఊరూరి నుంచి మట్టి, నీళ్లు తెప్పించి 2015 అక్టోబర్ 22న, విజయదశమి నాడు, ప్రధానమంత్రి చేత శంకుస్థాపన చేయించారు. ఆ తర్వాత బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైన్లు వచ్చాయి. వాటి మీద సలహాకు ఒక ప్రముఖ సినిమా దర్శకుణ్ణి కూడా పిలిచారు. రాజధాని కావాలన్న ఆశ ప్రజల్లో నిజంగానే ఉంది. విడిపోయిన రాష్ట్రం గాయం కూడా నిజమే. నేను వాటిని వెక్కిరించడం లేదు. నా అభ్యంతరం వేరు. బహిరంగ విచారణలో ప్రజలు మాట్లాడతారు, ప్రభుత్వం వింటుంది. ప్రచారంలో ప్రభుత్వం మాట్లాడుతుంది, ప్రజలు వింటారు. ఈ రెండూ ఒకటి కావు.

ఆ బొమ్మల్లో ఎవరు లేరో చూడండి. కృష్ణ ఒడ్డు జరీబు భూముల్లో అరటి, కూరగాయలు, పూలు పండేవి. ఏడాది పొడుగునా ఆడకూలీలకు పని దొరికే నేల అది. భూమి లేని పేద కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. కుటుంబానికి, మనిషికి కాదు. ఇద్దరు ముగ్గురు స్త్రీలు కూలికి పోయే ఇంట్లో వాళ్ల సంపాదనంతా ఆ ఒక్క అంకెలో కలిసి మాయమైంది. పని పోయిన మగవాడు బెజవాడలో తాపీ పనికో ఆటో తోలడానికో వెళ్లగలడు. చంటిపిల్లను చూసుకుంటూ ఊరి పొలంలో పూటకూలి చేసుకునే ఆమె ఎక్కడికి పోవాలి? కౌలు రైతుకు, కౌలు చేసే ఒంటరి స్త్రీకి ఆ గజాల స్థలాల్లో వాటా లేదు. దళితుల చేతుల్లో ఎక్కువగా ఉన్న అసైన్డ్ భూములకు పట్టా భూముల కంటే తక్కువ గజాలు ఇవ్వజూపారు.

భూమి ఉన్న స్త్రీల సంగతి కూడా సులువు కాదు. కృష్ణా గుంటూరు ప్రాంతాల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద పొలం ఇవ్వడం ఆచారం. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఆ ఎకరమో అరెకరమో అత్తింట్లో ఆమె మాటకు ఉన్న కాస్త బలం. దాన్ని గజాలుగా మార్చడమంటే లెక్క మార్చడం మాత్రమే కాదు. పొలం ఏటా పండుతుంది. ప్లాటు అమ్మితేనే డబ్బు. అమ్మకం అనేసరికి ఇంటి మగవాళ్ల మాటే చెల్లుతుంది. పట్టా ఆమె పేర ఉన్నా నిర్ణయం ఆమెది కాకపోవడం మన గ్రామాల్లో కొత్తేమీ కాదు. ఇవన్నీ సామాజిక ప్రభావ అంచనాలో అడగవలసిన ప్రశ్నలు. బ్రోషర్ వీటిని అడగదు.

కథ తిరగబడినప్పుడు

2019 డిసెంబర్ 17న అప్పటి ముఖ్యమంత్రి అసెంబ్లీలో మూడు రాజధానుల మాట ఎత్తారు. ఆ వెంటనే తుళ్ళూరు, మందడం, వెలగపూడి దీక్షా శిబిరాల్లో ముందు వరసలో కూర్చున్నది స్త్రీలు. పెద్దగా గడప దాటని గృహిణులు, ముసలమ్మలు కూడా రోడ్డు మీదికి వచ్చారు. పోలీసులు వాళ్లను ఈడ్చారు. 2021 నవంబర్ 1న తుళ్ళూరు నుంచి తిరుపతికి పాదయాత్ర మొదలైతే అందులోనూ వాళ్లే ఎక్కువ నడిచారు.

అప్పుడు ప్రచార యంత్రం ఏం చేసింది? అప్పటి అధికార పక్షానికి చెందిన ఒక నటుడు వాళ్లను పెయిడ్ ఆర్టిస్టులు అన్నాడు. వాళ్ల చీరల గురించి, గాజుల గురించి వ్యాఖ్యానించాడు. శంకుస్థాపన రోజుల్లో అదే చీర, అదే గాజులు రాష్ట్రం పట్ల నమ్మకానికి గుర్తులు. కొన్నేళ్లకే అవి నటనకు రుజువులయ్యాయి. ఆ స్త్రీలు మారలేదు, కథ చెప్పేవాళ్ల అవసరం మారింది. 2025 జూన్‌లో ఒక టీవీ చర్చలో ఆ ప్రాంతపు స్త్రీలను ఉద్దేశించి నీచమైన మాట అన్నారు. కేసులు, అరెస్టులు జరిగాయి. పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. భూమి కోసం జరిగే తగాదాలో చివరికి స్త్రీ శీలం మీదికి రావడం మన సమాజానికి పాత అలవాటే.

2022 మార్చి 3న హైకోర్టు రైతులకు ఇచ్చిన హామీలు నెరవేర్చాలని తీర్పు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా దాదాపు అంతే ఇచ్చింది. 2025 మే 2న పనులు మళ్లీ ఆర్భాటంగా మొదలయ్యాయి. రాజధాని కడతారా కట్టరా అన్నది ఈరోజు నా చర్చ కాదు. మూడు ప్రభుత్వ కాలాల్లోనూ ఒకటి మాత్రం మారలేదు. పూలు కోసే ఆమెను ఎవరూ సలహా అడగలేదు. ఏ పక్షం ప్రచారంలోనూ ఆమె బొమ్మ లేదు. శిబిరంలో కూర్చున్న భూమి గల స్త్రీల పోరాటాన్ని నేను గౌరవిస్తాను. ఆ పోరాటంలో కూడా భూమి లేని స్త్రీ గొంతు ఎంత వినిపించిందో మనల్ని మనం అడగాలి.

మనం ఏం చేయగలం?

మొదటిది, చట్టంలో ఉన్నదాన్ని వాడుకోవాలి. 2016 స్థిరాస్తి చట్టం, అంటే రెరా, ప్రకారం 500 చదరపు మీటర్ల స్థలం గాని ఎనిమిది ఫ్లాట్లు గాని మించిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటనే ఇవ్వకూడదు. 'ప్రీలాంచ్' అన్న ముద్దు పేరు పెట్టినా చట్టం మారదు. ఇక సెక్షన్ 12 చూడండి. ప్రకటనలో, ప్రాస్పెక్టస్‌లో చెప్పిన అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో తిరిగి ఇవ్వాలి. కాబట్టి బ్రోషర్లు పారేయకండి. వాట్సాప్‌లో వచ్చినవీ దాచండి. రేపు అవే మీ సాక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలో నటించిన ప్రముఖులకు కూడా జరిమానా వేయవచ్చు.

రెండోది, భూమి విషయంలో స్వచ్ఛందం అన్న మాట ఎక్కడ వినిపించినా గ్రామసభ పెట్టమని అడగాలి. అందులో భూమి లేని స్త్రీలకు విడిగా మాట్లాడే సమయం ఉండాలి. పింఛను కుటుంబానికి కాకుండా పని పోయిన ప్రతి స్త్రీకీ లెక్క కట్టాలి. ప్రచారానికి ఎంత ఖర్చయింది, ఏ సలహా సంస్థకు ఎంత చెల్లించారు అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. అది మన డబ్బే.

మూడోది, మనకు సంబంధించినది. ఎవరి డబ్బుతో సభ పెడుతున్నామో మన కరపత్రం మీద రాయాలి. ఎవరైనా వేదిక ఇస్తామంటే, అక్కడ ఏ మాట మాట్లాడకూడదో ముందు అడిగి తెలుసుకోవాలి. మా సభ్యురాలి ప్రశ్న మాకు ఇప్పుడు నియమం అయింది.

చివరగా, మా ఆఫీసుకు వచ్చిన ఆ అమ్మాయి గురించి. ఆమె మీద నాకు కోపం లేదు. ఈ వ్యాపారంలో ఫోన్లు చేసేది, సైటు చూపించేది, నవ్వుతూ నిలబడేది ఎక్కువగా ఆ వయసు పిల్లలే. నెల టార్గెట్, కాంట్రాక్టు ఉద్యోగం, రాత్రి పొద్దుపోయాక నగరం అంచు నుంచి ఇంటికి ప్రయాణం. స్త్రీల భద్రత గురించి సభ ఏర్పాటు చేయడానికి వచ్చిన ఆమె భద్రత గురించి మేం ఆరోజు అడగలేదు. అది మా లోపం. ఇంటిపని చేసే మా సభ్యురాలు, పొలంలో పని పోయిన కూలీ, ఈ అమ్మాయి, ముగ్గురూ ఒక్క సభలో కూర్చుని మాట్లాడుకునే రోజు రావాలంటే ఆ సభను మనమే పెట్టుకోవాలి. హాలు అద్దెకు చందాలు వేసుకుందాం.

ఈ విషయాల మీద మీ అనుభవాలు, విభేదాలు చెప్పమని కోరుతూ ముగిస్తున్నాను.